గెట్టిమేళం మోగని ముహూర్తం

ఒర్లియంపేటలో ఆ ఏడాదంతా ఏ అరుగు మీద ఇద్దరు చేరినా మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వచ్చేది. ఫ్రాన్సు దేశపు ప్రెసిడెంటు దొరను పారిస్ పట్నంలో, పుస్తకాల సంతలో, పట్టపగలు ఎవడో పిస్తోలుతో కాల్చి చంపాడని కబురు వచ్చినప్పుడు నువ్వు యాడ ఉండావు అనేదే ఆ మాట. ఆ దొరను కళ్లారా చూసినవాడు వీధి మొత్తానికీ ఒక్కడు లేడు. అయినా పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని ఊరు కాబట్టి, ఆయన చావులో తమకూ వాటా ఉన్నట్టే మాట్లాడేవారు. ఒకాయన రేవులో మూట దించుతూ ఉండగా జెండా సగానికి దిగడం చూశాడట. ఇంకొకాయనకు మంగలి సగం గడ్డం గీసి, కబురు వినడానికి కత్తితో సహా వీధిలోకి పరుగెత్తాడట. చెప్పిన ప్రతిసారీ ఆ మిగిలిపోయిన గడ్డం ఇంకాస్త పెరిగేది.

మరగతాన్ని అడిగితే మాత్రం "ఇంట్లోనే ఉండాను" అని ఊరుకునేది. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆ మర్నాడు ఆ ఇంట్లో ఆమె ఎక్కడ ఉందో, అక్కడి నుంచి ఎలా బయటపడిందో చెప్పాలంటే పెళ్లి కథ మొత్తం చెప్పుకోవాలి.

మరగతం వేరుశనగ వ్యాపారి వెంకటాద్రికి పెద్దకూతురు. కాపురానికి వెళ్లిన రెండేళ్లకే మొగుడు జ్వరంతో పోతే పుట్టింటికి తిరిగి వచ్చింది. అప్పటికే తల్లి లేదు. చెల్లెలు రాజాత్తి ఇంకా పాలపళ్లు ఊడే వయసులో ఉంది. ఆ పిల్లకు తల దువ్వడం, గోరుముద్దలు పెట్టడం, చీకటంటే భయపడితే పక్కన పడుకోబెట్టుకోవడం అన్నీ మరగతమే చూసుకుంది. అందరూ అక్క అంటారు గానీ ఆ పిల్లకు తల్లి ఆమే.

ఇక వెంకటాద్రికి ముక్కు మీద కోపం, చెవిలో సంగీతం. ఎవరింట పెళ్లయినా భోజనం సంగతి తరువాత, మేళం ఎవరిదని అడిగేవాడు. చిన్నకూతురి పెళ్లి కుదరగానే లగ్నపత్రిక సంగతి తమ్ముడికి అప్పగించి, తాను బండి కట్టించుకుని విల్లియనూరు వెళ్లి నాదస్వరం తిరుమలై మేళాన్ని మాట్లాడుకుని వచ్చాడు. ఊరంతా చెప్పుకునే పెళ్లి చేస్తానని మీసం దువ్వాడు.

పెళ్లికి ముందురోజు వీధి చివర తప్పెట వినబడింది. దొరవారు పరమపదించారు, సంతాపం తీరేదాకా పట్నంలో ఎక్కడా మేళతాళాలు, ఊరేగింపులు ఉండకూడదు అని చాటింపు. మేళం వద్దని చెప్పడానికి మాత్రం వాళ్లకు తప్పెట కావలసి వచ్చింది.

వెంకటాద్రి ఇల్లు పీకి పందిరేశాడు. పోలీసు కచేరీకి వెళ్లి, ఊరేగింపు మానుకుంటాను, తాళి కట్టే ఒక్క నిమిషం గెట్టిమేళానికి అనుమతి ఇమ్మని బతిమాలాడు. వాళ్లు ఇవ్వకపోగా, ఈయన వాలకం చూసి, తెల్లవారగానే ఇంటి గుమ్మం ముందు ఒక పోలీసును కూడా నిలబెట్టారు. అణ్ణామలై అనే ఆ పోలీసు వీధిలో అందరికీ తెలిసినవాడే. "నా మీద కోపగించుకోవద్దు మామా, నా పెళ్లికి కూడా మీరే మేళం కుదిర్చినారు. కానీ పైనుంచి ఉత్తరువు" అని నసిగాడు.

"ఆ దొర ఇంకో నాలుగు దినాలు ఆగి చావకూడదా" అన్నాడు వెంకటాద్రి. పోలీసు విననట్టు టోపీ సర్దుకున్నాడు.

అందరికంటే ఎక్కువ హడలిపోయింది మేనత్త అన్నమ్మాళ్. గెట్టిమేళం అంటే ఉత్త సందడి కాదు. తాళి కట్టే సమయాన ఎవరో తుమ్మవచ్చు, పసిబిడ్డ ఏడవవచ్చు, ఎవరి నోటనైనా అపశకునపు మాట రావచ్చు. అవేవీ పెళ్లికూతురి చెవిన పడకుండా డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. ఆ మోత లేకపోతే ఏ పాడు శబ్దం వినబడుతుందో అని ఆవిడ భయం. పిల్లల తల్లులందరినీ వీధి అరుగు మీదికి తోలింది. దగ్గు ఉన్న ముసలాయనను పక్కింటికి పంపింది. తరువాత వంటింట్లోకి వచ్చి మరగతం ముందు నిలబడి చీర కుచ్చిళ్లు సవరించుకుంది.

"నేను కొట్లో ఉంటాలే అత్తా" అంది మరగతం.

"నా తల్లే. మగపెండ్లివాళ్లు పట్టింపు మనుషులు. తాళి పడినాక పిలుస్తాను" అంది అన్నమ్మాళ్, ఆమె చెయ్యి నొక్కి.

వారం రోజులుగా అప్పడాలు ఒత్తింది మరగతం. లడ్లు చుట్టింది మరగతం. చెల్లెలి పెళ్లిచీరకు కుచ్చులు వేసింది కూడా ఆమే. ఆ చీరలో చెల్లెలిని చూసే భాగ్యం మాత్రం ఆమెకు లేదు. వెంకటాద్రి కూడా భార్య పోయినవాడే కాబట్టి కన్యాదానం పీటల మీద తమ్ముడూ మరదలూ కూర్చున్నారు. అయినా ఆయన పందిట్లో తిరగడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కూతురికి మాత్రం వేరుశనగ బస్తాల మధ్య చోటు దొరికింది. లోకం తీరు అదే. మరగతం దాన్ని తప్పుపట్టలేదు కూడా, తప్పుపట్టవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొట్టు పెరటి వైపు ఉంది. ఫ్రాన్సులోని మార్సెయ్ రేవుకు పోయే ఓడ ఎక్కవలసిన బస్తాలు అందులో గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. గోడకు పైన, చెయ్యి అందనంత ఎత్తులో ఒక చిన్న కిటికీ. దాన్లోంచి చూస్తే నేరుగా నడిమి వాకిట్లోని పెళ్లిపందిరే.

కాసేపు కూర్చుంది. పురోహితుడి మంత్రాలు వినబడుతున్నాయి. "అమ్మాయి తల వంచుకోవాలి" అని ఎవరో అన్నారు. అంతే, ఇక మనసు నిలవలేదు. చీర ఎగదోపి, బస్తా మీద బస్తా పట్టుకుని పైకెక్కింది. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తే, పసుపు చీరలో, తల వంచుకుని, మెడ మీద సన్నని వెంట్రుకలతో సహా రాజాత్తి కనబడింది. మరగతానికి కడుపు నిండిపోయింది. పెళ్లికొడుకు సుబ్రమణ్యం చేతిలోకి తాళి తీసుకున్నాడు. ఇంకా బాగా చూడాలని ఆమె ఒక కాలు పక్క వరుస మీదికి వేసింది.

ఆ వరుస కదిలింది. మరగతం వెల్లకిలా పడింది. పైనుంచి బస్తాలు ఒకదాని వెంట ఒకటి జారి, కాళ్ల మీద, నడుము మీద, గుండెల మీద పడ్డాయి. మెత్తటి చప్పుడే, ఎవరికీ వినబడేంత కాదు. ఊపిరి తీసుకుందామంటే ఛాతీ లేవడం లేదు.

అరవడానికి నోరు తెరిచి, వెంటనే పెదవులు బిగించింది. పందిట్లో మేళం లేదు. ఇప్పుడు తన గొంతు లేస్తే సరిగ్గా తాళి పడే క్షణాన విధవ ఏడుపు చెల్లెలి చెవిన పడుతుంది. ఆ పిల్ల జన్మంతా దాన్ని మోయాలి. ముహూర్తం దాటేదాకా ఓర్చుకోగలిగితే చాలు అనుకుంది. ఓర్చుకుంది. కళ్ల ముందు నలుపు కమ్మింది. మనిషి ఎంత మంచిదైనా ఊపిరి మంచిది కాదు, దానికి శకునాలు తెలియవు. ఆఖరుకి బిగించిన పళ్ల మధ్య నుంచి సన్నగా, ఆమెకే తెలియకుండా, ఒక పిలుపు జారిపోయింది.

"రాజాత్తీ..."

పందిట్లో మంత్రం ఆగింది. అంతటి నిశ్శబ్దాన్ని మరగతం ఎన్నడూ వినలేదు. తాను చేసిన పనికి ఆ బస్తాల కిందే సిగ్గుతో చచ్చిపోయింది.

"ఏంది అది? సరి సరి, కానీండి. ముహూర్తం దాటిపోతా ఉంది" అన్నది పెళ్లికొడుకు తండ్రి త్యాగరాజన్ గొంతు.

"ఆగండి" అంది ఒక ఆడగొంతు. పెళ్లిపీట మీది నుంచి పెళ్లికూతురు మాట్లాడటం ఆ వీధిలో అదే మొదలు. "మా అక్క పిలుస్తా ఉంది. ఆ గొంతు నాకు తెలుసు. నాయనా, పో, చూడు."

తరువాత పరుగులు వినబడ్డాయి. తలుపు బద్దలైనంత చప్పుడుతో తెరుచుకుంది. వెంకటాద్రి ఒక్కడే బస్తాను పట్టి లాగబోయి లాగలేక, "ఎవురైనా రండయ్యా, నా బిడ్డ" అన్నాడు. ఆ గొంతులో కోపం లేకుండా మరగతం వినడం చిన్నప్పటి తరువాత అదే మొదలు. నుదుట బాసికంతోనే సుబ్రమణ్యం వచ్చి బస్తాలు ఎత్తాడు. పని లేక కూర్చున్న తిరుమలై, ఆయన డోలు మనిషి, గుమ్మం దగ్గరి కాపలా వదిలేసి పోలీసు అణ్ణామలై, అందరూ చేతులు వేశారు. ఆఖరి బస్తా లేవగానే మరగతం ఛాతీలోకి గాలి వచ్చింది. వేరుశనగ దుమ్ముతో, గోనె వాసనతో వచ్చిన ఆ గాలి అంత తియ్యగా ఉంటుందని ఆమెకు తెలియదు.

వెంకటాద్రి ఇంత పొడుగు కూతురిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పందిట్లోకి తెచ్చాడు. అన్నమ్మాళ్ ఎదురొచ్చి "లోపల పడుకోబెట్టు అన్నా, ఈడికెందుకు" అంది. త్యాగరాజన్ కూడా గొంతు సవరించుకున్నాడు.

వెంకటాద్రి ఎవరి మాటా వినలేదు. కూతురిని ముందు వరుసలో గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. అప్పుడు తిరుమలై వైపు చూశాడు. గుడ్డ సంచిలో చుట్టి పెట్టిన నాదస్వరం వైపు చూశాడు.

"బావగారూ" అన్నాడు త్యాగరాజన్‌తో. "నిన్నట్నుంచీ ఆ మేళం కోసం నేను కొట్లాడని మనిషి లేడు. అది మోగుంటే నా బిడ్డ పిలుపు నాకు వినపడేదా? మేళం ఆగినాక తలుపు తీసుంటే ఏం చూసుండేవాణ్ణి? అపశకునమంటే అది. ఇది కాదు. మీకు ఒప్పుకాకుంటే చెప్పండి."

త్యాగరాజన్ దుమ్ము కొట్టుకున్న మరగతం ముఖాన్ని చూశాడు. పట్టింపులు ఉన్నవాడే గానీ రాతిమనిషి కాదు. ఆయనకూ కూతుళ్లు ఉన్నారు. "పురోహితులవారూ, ముహూర్తం ఇంకా ఉందా?" అని అడిగాడు.

"కొంచెం ఉంది."

"అయితే కానీండి."

తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి జడ ఎత్తి పట్టుకోవాలి. పిన్ని ముందుకు వచ్చింది. రాజాత్తి తల అడ్డంగా ఊపి, "అక్క పట్టుకోవాల" అంది. మరగతం లేవలేనంది, వద్దంది, చేతులు దాచుకుంది. సుబ్రమణ్యమే "రండి వదినా" అన్నాడు. వెంకటాద్రి ఆమెను లేపి పట్టుకున్నాడు. ఆ జడను మరగతం వేలసార్లు అల్లింది గానీ, ఆనాడు ఎత్తినంత మెల్లగా ఎన్నడూ ఎత్తలేదు. మూడు ముళ్లు పడుతుంటే డోలు లేదు, నాదస్వరం లేదు. దారం బిగుసుకునే చప్పుడు, అక్షింతలు రాలే చప్పుడు, చెల్లెలి ఊపిరి అన్నీ ఆమెకు వినబడ్డాయి.

ఏడాది తిరిగింది. రాజాత్తి కాపురం పక్కనే సారం అనే పేటలో చల్లగా సాగుతోంది. ఎవరూ తుమ్మని పెళ్లి అని వీధిలోవాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఆ రోజు తరువాత ఆ ఇంట్లో శుభకార్యమంటే మరగతాన్ని కొట్లోకి పంపే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ముఖ్యంగా వెంకటాద్రి ఇంట్లో ఉన్నప్పుడు.

అప్పుడప్పుడు పని ముగిసి కూర్చున్నప్పుడు మరగతానికి ఆ దొర భార్య, దొరసాని, గుర్తుకు వచ్చేది. ఊరంతా దొర మాట చెప్పుకుంటుంది గానీ, ఆ పూట ఆవిడ కూడా తనలాగే అయిపోయింది గదా. తన ఊపిరి అంత దూరాన ఆవిడ ఇంట్లో పడిన చీకటిలోంచి వచ్చిందని తలుచుకుంటే కృతజ్ఞత ఎలా చెప్పుకోవాలో తెలిసేది కాదు. నువ్వు పెట్టిన భిక్షే తల్లీ అని తూర్పున సముద్రం వైపు తిరిగి దండం పెట్టుకునేది. ఫ్రాన్సు అటు కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వైశాఖం రాగానే ఒక పొద్దున వెంకటాద్రి బజారు నుంచి బియ్యం, పెసరపప్పు, అరటికాయలు, కందగడ్డ, నెయ్యి తెచ్చి దించాడు. స్వయంపాకం ఇచ్చే సరుకులు.

"ఎవురి తిథి నాయనా? అమ్మది మార్గశిరంలో గదా" అంది మరగతం.

"దొరది" అన్నాడు, ఎటో చూస్తూ.

పురోహితుడు వచ్చి పీట మీద కూర్చున్నాడు. మరగతం విస్తరి పరిచి సరుకులు సర్దింది. ఆయన నీళ్లు చేతిలోకి తీసుకుని, సంకల్పం మొదలుపెట్టి, పేరు దగ్గర ఆగాడు. పేరు చెప్పారు. అది ఆయన నోట సగమే తిరిగింది. తరువాత "గోత్రం?" అన్నాడు. తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తెలీకుంటే కాశ్యప గోత్రం అనేస్తాం. గోత్రం తెలీని అందరికీ అదే చెప్తాం" అన్నాడు పురోహితుడు. "అసలు ఇది ఆయన కొడుకులు చెయ్యవలసిన పని గదయ్యా. మీకెందుకు?"

"కొడుకుల్ని యుద్ధం తినేసిందంట" అన్నాడు వెంకటాద్రి. "ఆయన బిడ్డలు ఆయనకు మిగల్లేదు. నా బిడ్డను నాకు మిగిల్చి పొయినాడు. గోత్రం తెలీని వాళ్లలో ఆయన్ను కలపబాకండి సామీ. మా గోత్రమే చెప్పండి."