అమ్మ నడవగల దారి

మా ఇంట్లో "పోతున్నా" అనే మాటకు చోటు లేదు. గడప దాటేవాళ్లు "పోయొస్త" అనాలి, ఇంట్లో ఉన్నవాళ్లు "పోయి రా" అనాలి. ఈ ఒక్క విషయంలో మా అమ్మ సీతాబాయి ఎవరినీ వదలదు. నాకేమో నోరు ఆగదు. తమ్ముడు ఓంకార్ నా చార్జర్ ఎత్తుకుపోయిన ప్రతిసారీ "పోరా ఇక్కణ్ణించి!" అని అరిచేదాన్ని. వెంటనే వంటింట్లోంచి తిట్లు వచ్చేవి. "నీ నోట్ల మన్నుబడ! ఇంటి పిలగాణ్ని పో అంటరా? పోయి రా అను." నేను అలా అనేదాకా ఊరుకునేది కాదు.

నేనూ తమ్ముడూ ఒకే కంపెనీలో పనిచేశాం. రాయదుర్గం మెట్రో దిగితే ఎదురుగా కనిపించే టవర్లలో ఒకటి. టూరిస్టులు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటూ నడవడానికి, దారి చూపించే మాటలు తయారుచేస్తాం. అండమాన్ వైపు ఓ చిన్న దీవి పని వచ్చినప్పుడు ఓంకార్ వెళ్లాడు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే నడకదారులన్నీ వాడు నడవాలి, నడుస్తూ దారి గురించి ఫోన్‌లో రికార్డు చేసి ఆఫీసు ఫోల్డర్‌కు పంపాలి. నేను ఇక్కడ ఏసీలో కూర్చుని విని రాయాలి. ఏ దారి ఎవరివల్ల అవుతుందో చెప్పడమే అందులో ముఖ్యం. సులువు, మధ్యస్థం, కష్టం అనే మాటలు వాడికి నచ్చలేదు. కొబ్బరితోటల మధ్య చదునుగా సాగే బాటకు "అమ్మ దారి" అని పేరు పెట్టాడు. అమ్మలా మోకాళ్ల నొప్పులున్నా నడవొచ్చన్నమాట. అడవిలోంచి లైట్‌హౌస్ దాకా ఎక్కేది "అక్క దారి". "మధ్యల జర తిట్టుకుంటది గని ఎక్కుతది" అని రికార్డింగ్‌లోనే నవ్వాడు. సముద్రం మీదికి వంగిన కొండ అంచు మాత్రం "నా దారి".

మా మేనేజర్ రామబ్రహ్మం గారు తల పట్టుకునేవారు. "ఇదేంటండీ సుష్మ గారూ, మీ అమ్మగారు ఎవరో కస్టమర్లకేం తెలుసండీ?"

వాడు వాడి దారిలోనే పోయాడు. వానకు అంచు జారింది. చాలా గాలించారు, దొరకలేదు.

అమ్మ ఏడవలేదు. ఫోటోకు దండ వేయనివ్వలేదు, దినాలు చెయ్యనివ్వలేదు. పలకరించడానికి వచ్చిన చుట్టాలందరికీ ఒకటే మాట చెప్పింది. "పోయొస్త అన్నడు. పోయి రా అన్న. రాకుంటె యాడికి పోతడు?" నేను ఆమె మీద అరిచాను. అరవడం తప్ప నాకేం వచ్చు?

కొన్ని నెలలు గడిచాయి. ఓ మధ్యాహ్నం ఆఫీసులో, దీవి ఫోల్డర్‌లోకి కొత్త రికార్డింగ్ వచ్చింది. ఎప్పటిదో ఆలస్యంగా చేరిందనుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ముందు అలలు, తర్వాత తడిసిన చెప్పుల చప్పుడు, ఆ తర్వాత వాడి గొంతు. "ఇది అమ్మ దారి. ఇసుక గట్టిగనే ఉంది. పైలంగ నడిస్తె చాలు."

ఇయర్‌ఫోన్లు తీసి రామబ్రహ్మం గారికి ఇచ్చాను. ఆయన చాలాసేపు విని, నా ముఖం చూడకుండా, "సముద్రం ఒక్కటే వినిపిస్తోందండి. మీరు ఇంటికెళ్లండమ్మా" అన్నారు.

మూసాపేటలో ఇంటికొచ్చి మళ్లీ విన్నాను. ఇయర్‌ఫోన్లలోనే, చిన్నగా. అయినా అమ్మ పిండి చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "తమ్మి గొంతు గదనే! నాకూ పెట్టు." అన్ని నెలల తర్వాత అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూశాక ఫోన్ ఎలా దాస్తాను?

తర్వాత రోజూ ఒకటి వచ్చేది. ప్రతిసారీ అమ్మ దారే. మొదట్లో కొబ్బరితోటలు, చెక్క వంతెన, పడవల రేవు. పోను పోను అలలు తగ్గి, ఎక్కడో లారీల హారన్లు వినపడ్డాయి. "ఎడమ చేతికి మెట్రో పిల్లర్లుంటయి, వాటి నీడల నడువు" అని వాడు అన్న రోజు ఇయర్‌ఫోన్లు లాగేశాను. ఆ దీవిలో మెట్రో ఎక్కడిది?

"వాడు ఇంటికొస్తుండు" అంది అమ్మ సంబరంగా. కానీ వాడు చెబుతున్నది వాడొచ్చే దారి కాదు, అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే దారి. "ఆడ కూసొని ఊపిరి తీస్కో, తొందరేం లేదు" అంటున్నాడు. అది నాకు అర్థమయ్యేసరికి అమ్మ బీపీ గోళీలు మానేసింది. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది. చెప్పులు కడిగి గడప పక్కన పెట్టుకుంది. దవాఖానకు తీసుకెళ్తే గుండె బలహీనంగా ఉంది, గోళీలు మానితే బతకదన్నారు.

"ఏం చేస్తున్నవే అమ్మా? చస్తవా?" అని అరిచాను.

"నడిచే దారే గదనే. నాసొంటోళ్లు గూడ నడ్వొచ్చని వాడు చెప్తుండు గద" అంది, పెళ్లికి బయల్దేరేదానిలా.

శుక్రవారం దీపాలవేళ అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ వేళ మా వీధితలుపు తీసే ఉంటుంది. ఫోన్ బల్ల మీద ఉంది, నేను ముట్టుకోలేదు. దానంతట అదే మాట్లాడింది.

"ఇది అమ్మ దారి. సందుల నీళ్లున్నయి, పైలం. మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ వట్టుకో, మోకాలు నొయ్యది."

ఫోన్ ఆగిపోయింది. అడుగుల చప్పుడు ఆగలేదు. అది మా మెట్ల మీద వినిపిస్తోంది. తడి చెప్పులు ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాయి. ఇంట్లోకి ఉప్పునీళ్ల వాసన వచ్చింది. అడుగులు మెట్ల మలుపు దగ్గర ఆగాయి.

"అమ్మా, తయారైనవా? నడువ్. కష్టమేం లేదు."

ఉన్నప్పుడు ఎంత ప్రేమగా పిలిచేవాడో అంతే ప్రేమగా పిలిచాడు. అమ్మ మోకాలు పట్టుకోకుండా లేచింది, ఎన్నేళ్ల తర్వాతో! నేను గడపకు అడ్డం నిలబడి, మెట్ల చీకట్లోకి ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. "పోరా! పో ఇక్కణ్ణించి!"

అడుగులు కదల్లేదు. నా "పో"కు వాడు ఎప్పుడు భయపడ్డాడు గనక!

అమ్మ నా భుజం మీదుగా మెట్లవైపు చెయ్యి చాపింది. నా కోపమంతా అప్పుడు ఎటుపోయిందో తెలియదు. ఆమె నడుము పట్టుకుని కూలబడ్డాను. "నన్నొక్కదాన్ని ఇడిసి పోతవా అమ్మా? నాకెవలున్నరే? నాకు భయమైతుందే."

నేను ఏడవగా అమ్మ చూసి చాలా ఏళ్లయింది. చాపిన చెయ్యి మెల్లగా దిగి నా తల మీద పడింది. చల్లగా ఉంది. మెట్లవైపే చూస్తూ అడిగింది.

"తిన్నవా బిడ్డా?"

మెట్ల మలుపులో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అక్క ఒక్కతైతది కొడుకా. నేను రాను. నువ్వు..." కొంగు నోట్లో కుక్కుకుంది, మళ్లీ తీసింది. "నువ్వు పో."

నేను "రా" కోసం చూశాను. పుట్టినప్పటి నుంచి వింటున్న చెవులు కదా. అమ్మ ఆ మాట అనలేదు.

అడుగులు ఇంకాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత దిగడం మొదలుపెట్టాయి, వెనక్కి పిలుస్తారేమోనని ఆగి ఆగి. అమ్మ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. చివరి చప్పుడు పోయేదాకా చేతులు తియ్యలేదు. తీశాక ఏడ్చింది. వాడు పోయాక అమ్మ ఏడవడం అదే మొదలు. కింది అంతస్తు వాళ్లు పైకి పరుగెత్తుకొచ్చారు. మెట్ల నిండా తడేమిటని అడిగారు.

దినాలు చేశాం. ఫోటోకు దండ వేశాం. ఫోల్డర్‌లో వాడు బతికుండగా పంపినవే మిగిలాయి. దీవి పేజీలో నేను "అమ్మ దారి" అనే రాశాను. రామబ్రహ్మం గారు ఈసారి కొట్టెయ్యలేదు.

మళ్లీ ఆఫీసుకు బయల్దేరిన పొద్దున, గడప దగ్గర చెప్పులు వేసుకుని "పోయొస్తనమ్మా" అన్నాను. అమ్మ గోళీ మింగి, నీళ్ల గ్లాసు చేతిలోనే పట్టుకుని వచ్చింది. "పో..." అని ఆగిపోయింది. తమ్ముణ్ణి పంపేసిన ఆ మాట, ఎంత ప్రయత్నించినా ఇక నోటికి రాలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"రా" అంది.

"ఏందే అమ్మా, నేనింక పోనేలేదు."

"నాకు ఇగ గదొక్కటే మిగిలింది బిడ్డా. రా."