గోడవైపు తిరిగి

మా అత్తగారు డెజ్‌బా ముఖం నేను ఏనాడూ చూడలేదు. మా డినే తెగ జనంలో అత్తా అల్లుడూ ఒకరినొకరు చూసుకోకూడదు, చూస్తే చూసినవాళ్ళ కళ్ళు పోతాయి. "ఇంకా ఇవన్నీ నమ్ముతావా?" అని ఊళ్ళో కుర్రాళ్ళు నన్ను ఆటపట్టిస్తారు. వెండిలో పచ్చరాళ్ళు పొదిగి పొట్ట పోసుకునేవాణ్ణి. నమ్మినా నమ్మకపోయినా కళ్ళతో పందెం కాయను.

లోయలో కొండ చరియ కింద పాత ఇళ్ళున్నాయి. అవి మావాళ్ళు కట్టినవి కావు, మాకంటే ముందు ఇక్కడ బతికినవాళ్ళవి. వాళ్ళలో చనిపోయినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు కనుక మేం ఆ గడపలు తొక్కం. బడిలో వాటి గురించి విన్నప్పటినుంచి మా పాప షాన్‌డీన్ చూపించమని ప్రాణం తీసింది. దూరం నుంచి చూసి రావచ్చని అత్తగారు ఒప్పుకున్నారు. మనవరాలు లోపలికి దూరుతుందేమోనని కాపలాకి తానూ బయలుదేరారు. అలా ఒక కుటుంబం రెండు ట్రక్కుల్లో విహారానికి వెళ్ళింది.

"నువ్వు వెనకే ఉండు హార్వీ. అమ్మ గంట వినపడిందంటే అక్కడే ఆగిపో," అంది నా భార్య ఆల్వీనా.

అత్తగారి నడుముకి చిన్న వెండి గంట ఉంటుంది. ఎదురుపడకుండా పక్కకి తప్పుకోమని అది నాకు చెప్పాలి. నా జీవితమంతా ఆ గంట చప్పుడుకి మూలలకి తప్పుకోవడంతోనే సరిపోయింది. పెళ్ళిళ్ళలో కూడా నేను ట్రక్కులో కూర్చునే మటన్ తిన్నాను. నాకు ఒళ్ళు మండని రోజు లేదు.

ఆ మధ్యాహ్నం ఆల్వీనా రొట్టెలు తేవడానికి వాగు దాటి ట్రక్కు దగ్గరికి వెళ్ళింది. పాపతో వెళ్ళిన అత్తగారి గంట చప్పుడు వాగు ఎగువకి పోతూ వినిపించింది. అమ్మయ్య అనుకుని, రాతిలో చెక్కిన గుంటల్లో కాళ్ళు పెట్టి పాత ఇళ్ళ ముందున్న అరుగులాంటి రాతి మీదికెక్కి, నీడన చేరాను. లోయలో ఆకాశం నీలంగానే ఉంది. వాన ఎక్కడో కొండల మీద కురిసింది. ఆ సంగతి వాగుకి తెలిసింది గాని మాకు తెలియలేదు.

ముందు ఉరుములాంటి చప్పుడు, ఆ వెంటనే గంట. గంట నావైపే పరుగెత్తుకొస్తోంది. నేనేం చేశానో చెబితే నవ్వుతారు. వరద వస్తుంటే లేచి బండ చాటుకి పోయి, ముఖం కొండ గోడకి ఆనించి నిలబడ్డాను!

"నాన్నా! నాన్నా, పైకి లాగు!"

అత్తగారి గంట అడిగి తీసుకుని పాపే కట్టుకుందట. బండ చాటునుంచి దూకి పాపని పైకి లాగాను. ఎర్రటి నీళ్ళు దుంగల్ని దొర్లించుకుంటూ వస్తున్నాయి. అది చూసి పాప బిగుసుకుపోయింది.

"అమ్మమ్మ కిందే ఉంది నాన్నా!"

"నువ్వు గోడవైపు తిరిగి కూర్చో. నీళ్ళకేసి చూడకు," అని, నేను అంచున బోర్లా పడుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చెయ్యి కిందికి చాచాను. గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఆవిడ ఎక్కడున్నారో, ఉన్నారో లేదో కూడా తెలియలేదు. నా పెళ్ళాం తల్లి వరదలో పోతుంటే కళ్ళు మూసుకుని గాలిలో చెయ్యి ఊపుతున్నాను కదా అని నా మీద నాకే అసహ్యం వేసింది. ఇక తెరిచేద్దామనుకున్నాను.

"తెరవకు!" కింద నుంచి గొంతు. నాతో నేరుగా ఆవిడ అన్న మొదటి మాట అదే. "చెయ్యి ఎడమకి జరుపబ్బాయ్. ఇంకా. ఇప్పుడు కిందికి. జానెడు దూరంలో ఉన్నాను... ఆఁ, పట్టుకో!"

పట్టుకుని లాగాను.

ఆ తర్వాత మేం ముగ్గురం ఆ రాతి మీద ఇరుక్కుపోయాం. ముందు నీళ్ళు, వెనక చచ్చినవాళ్ళ ఇల్లు, అరచేతంత జాగా. నీళ్ళు అంచు దాకా వచ్చినా ఆవిడ ఆ గుమ్మం వైపు జరగలేదు. నేను తల మీద చొక్కా కప్పుకుని గోడకి ముక్కు ఆనించి కూర్చున్నాను. ఊపిరాడలేదు. కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆవిడ తడిసిన లంగా అంచు నా వీపుకి తగులుతోంది, పళ్ళు టకటకలాడటం వినబడుతోంది, అయినా తల తిప్పడానికి లేదు. అవతలి ఒడ్డునుంచి ఆల్వీనా ఏదో అరుస్తోంది, ఒక్క ముక్క వినబడలేదు.

"చొక్కా అమ్మమ్మకివ్వవే," అన్నాను.

"మీ నాన్ననే కప్పుకోమను. కంపు కొడుతోంది," అన్నారు వెనకనుంచి.

అయినా తీసుకున్నారు.

పొద్దు వాలేసరికి వాగు మోకాలి లోతుకి దిగింది. ఆల్వీనా దాటి వచ్చింది. ముందు అత్తగారు దిగాలి, తర్వాత నేను. అలా గోడని చూస్తూ కూర్చున్నప్పుడు నాకు బుద్ధి పనిచేసింది. ఎడమకన్నారు, కిందికన్నారు, జానెడన్నారు. కళ్ళు మూసుకున్న మనిషి అవి చెప్పగలరా?

"పాపా," అన్నాను మెల్లగా, "అమ్మమ్మ నన్ను చూసిందేమో అడుగు."

పాప అడగక్కర్లేకపోయింది.

"చూశానని చెప్పవే," అన్నారు ఆవిడ. "ఎవరో ఒకరు చూడకపోతే చేతికి చెయ్యి ఎలా అందుతుంది? మీ నాన్నకి రాళ్ళు పొదగాలి, బండి నడపాలి, నిన్ను పెంచాలి. నాకింక చూడాల్సిందేముంది? నీ ముక్కు ఎవరి పోలికో తెలియక ఇన్నాళ్ళూ తన్నుకున్నాను. అదీ తెలిసిపోయింది."

పాప కిసుక్కున నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఒళ్ళు మండింది నాకొక్కడికే అనుకున్నాను. వెనక్కి తిరగాలని మెడ నరాలు లాగేశాయి. ఒక్కసారి ఆ ముఖం చూడాలి, పోతే ఇద్దరికీ పోనీ అనిపించింది. కాని నేను చూస్తే, ఆవిడ ఒక్కతే నెత్తిన వేసుకున్నదంతా వృథా అయిపోతుంది. అందుకే రెండు చేతులూ గోడకి నొక్కిపెట్టి అలాగే కూర్చున్నాను.

"అత్తయ్యా, మూడో గుంట దగ్గర రాయి జారుతుంది," అన్నాను గోడతో. "మెల్లగా దిగండి."

"ఊఁ. కనిపిస్తోందిలే," అన్నారు.