గెట్టు మీది పుట్టబంగారం

ఆత్మకూరుకు దిగువనున్న ఆ దుబ్బచెలకలో నీరు నిలువదు, ఎరువు నిలువదు. నీచునికి చేసిన ఉపకారంలా అన్నీ జారిపోతాయి. వరుసగా రెండేండ్లు పల్లి చేను ఎండేసరికి, ఈ కారు కూడా పోతే చెలకను మరిది గోవిందుకు వదలాలని కులపెద్దలు లక్ష్మీదేవమ్మకు తేల్చి చెప్పారు. గోవిందు అందులో సీడు పత్తి వేయాలని కాచుకున్నాడు. భర్త పోయిన ఆమెకు అది తప్ప మరో ఆధారం లేదు.

ఉపాయం ఆమెకు గోవిందు కూతురి పెళ్లిలోనే దొరికింది. ముత్తైదువలు డప్పులతో వెళ్లి, రెండు చెలకల నడిమి గెట్టు మీదున్న పుట్టకు మొక్కి, పుట్టబంగారమని ఆ మన్ను తెచ్చి పాలికెలనే మట్టి మూకుళ్లలో పోసి నవధాన్యాలు చల్లారు. విధవ అని ఆమెను దగ్గరికి రానీయలేదు. పెళ్లి గడిచేలోగా మొలకలు ఒత్తుగా లేచి నిలవడం దూరం నుంచే చూసింది.

మృగశిరకు ముందు పుట్టకు పసుపు చల్లి, తన వైపు సగం మాత్రమే తవ్వి, గంపలతో సాళ్లలో పోయసాగింది. గోవిందు ఉరికివచ్చాడు.

"ఏంది వదినె, నాగన్న ఇల్లు కూలగొడుతున్నవ్! వంశం నాశనమైతది."

"నీ బిడ్డ పెండ్లికి తవ్వినప్పుడు ఏడికి వోయిండు నాగన్న? సుట్టాలింటికా?"

"అది పిడికెడు. శాస్త్రం."

"పిడికెడైతే ఊకుంటడు, గంపెడైతే కరుస్తడా? పాలికెల మొలిచినట్ల చెలకల మొలుస్తదని నీ గుబులు. గది చెప్పు, దేవున్ని నడుమకు గుంజకు."

"ముండమోసిన చేతులు పుట్ట మీద పడితే ఊరంతటికీ అరిష్టం!"

"మీ అమ్మ వోయినంక నీకు బువ్వ పెట్టినయ్ గీ చేతులే."

భూభారం మోసే ఆదిశేషుడు ఆకలిగొన్నవారి గంపెడు మన్నుకు అలుగుతాడని ఏ పురాణమూ చెప్పలేదు. గోవిందు కోపానికి పురాణంతో పనిలేదు.

విత్తనం పడిన మర్నాడే కుండపోతగా కురిసింది. ఒకవైపు కోతపడిన పుట్ట నిలువలేక, గోవిందు సగం కూడా బురదై ఆమె సాళ్లలోకి పారింది. తెల్లవారగానే అతడు పార, గంప పట్టుకుని దిగాడు.

"నా సగం నాకియ్యి."

"తీస్కపో. నీ మన్నేదో, నా మన్నేదో ఏరుకో. నా ఇత్తు ఒక్కటి కదిలినా ఊకోను."

బాటన పోతున్న పొరుగు రైతు దశరథం ఆగి నవ్వాడు. "ఓ గోవిందన్నా, పుట్ట ముడితే వంశం పోతదంటివి కదనే! మరి చేతిల పారేంది?"

గోవిందు మొహం కందగడ్డయింది. పార ఎత్తాడు. లక్ష్మీదేవమ్మ వెళ్లి సాలులో చతికిలబడింది.

"ముందు నన్ను తవ్వు, గోవిందూ."

పార గాలిలో ఆగింది. దశరథం నవ్వూ ఆగింది. చివరకు గోవిందు గంపను కాలితో తన్ని వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా గెట్టు పొడవునా తుమ్మకంప కొట్టి, తన చెలకలోంచి ఆమె బావికి పోయే దారి మూసేశాడు.

ఆమె చుట్టూ తిరిగి నీళ్లు మోసుకుంది. వానలు మధ్యలో మొహం చాటేసినా, పుట్టమన్ను పడిన సాళ్లలో చేను వాడిపోలేదు. పల్లి తీసేనాడు కులపెద్దలు వచ్చి చూసి, చెలక ఆమెదేనని చెప్పి పోయారు. కంప అవతల నుంచి గోవిందు ఖాండ్రించి ఉమ్మాడు. ఆమె తలెత్తలేదు, ఇంకో చెట్టు పీకి, కాయల మన్ను దులిపింది.