స్టేజీ మీద కుంపటి

కార్యక్రమం రోజు పొద్దున్నే సాహిత్య కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. నుస్రత్ ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ చూసినట్టు నీలం గీతలు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు. చేతులు ఊరుకోక సాహిత్య అల్లుకున్న జడే మళ్ళీ విప్పి అల్లుకుంటోంది.

"గిట్ల తిరుగుడు ఏందే? కూసొని రెండు ఇడ్లీలు తినరాదు?" అంది నాయనమ్మ నాగమణమ్మ.

"నుస్రత్ ఫోన్ ఎత్తుతలేదు నాయనమ్మా."

"ఎత్తకుంటె ఇంటికే పో. ఛత్రినాక నుంచి లాడ్ బజార్ ఏమన్న సముద్రం అవతలున్నదా?"

ఆ మాటతో సాహిత్య ఇడ్లీల పళ్ళెం అక్కడే వదిలి చెప్పులేసుకుంది.

ఆటోలో కూర్చున్నా ఆమె ప్రాణం కుదుట పడలేదు. యూనివర్సిటీలో 'సప్తవర్ణ' అనే విద్యార్థి బృందానికి ఈ ఏడాది ఆమె ప్రెసిడెంటు. అన్ని సంస్కృతుల కళలూ ఒకే చోట చూపించాలన్నది బృందం ఆశయం. ఆశయం బంగారమే, పద్ధతే కొంచెం చిత్రమైనది. కొత్తగా ఎవరు చేరినా ముందు పేరు అడుగుతారు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఇంట్లో మాట్లాడే భాష. ఆ మూడూ తెలిస్తే చాలు, ఆ మనిషి ఏం చెయ్యాలో తేలిపోయినట్టే. నీకేం ఇష్టం అనే నాలుగో ప్రశ్న అడగాలని ఎవరికీ తోచలేదు.

ఫణి సంగతే చూడండి. వాళ్ళ నాన్న ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి బహదూర్‌పురాలో స్థిరపడ్డాడు. ఫణి అక్కడే పుట్టి, తెల్లవారుజామున జూపార్కు సింహాల అరుపులు వింటూ పెరిగాడు. అయినా ఏటా పంచె కట్టుకుని గోదావరి స్టాల్లో నిలబడేది వాడే, మిఠాయి కొట్లో కొన్న పూతరేకులు ముందు పెట్టుకుని. గోదావరి చూశావా అని ఎవరైనా అడిగితే "చూసిన, రైల్ల నుంచి, నిద్రల" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నవ్వడంతోనే సరిపోయేది.

నుస్రత్ చేరినప్పుడూ అంతే. లాడ్ బజార్ అనగానే లక్క గాజులు అని రాసేశారు. రాసింది సాహిత్యే.

ఈసారి ఆ గాజుల మీదే అంతా ఆధారపడి ఉంది. బృందానికి ఉన్నదల్లా లైబ్రరీ మెట్ల కింద ఒక గది. దాన్ని ఇంకో ఆఫీసుకు ఇవ్వాలని డీన్ ఎప్పటినుంచో చూస్తున్నాడు. ఢిల్లీ నుంచి ఒక సాంస్కృతిక సంస్థ పెద్దమనిషి అతిథిగా వస్తున్నాడు. ఆయనకు తెలుగు కొంచెం వచ్చు. ఆయన మెచ్చుకుంటే గది ఉంటుందని డీన్ మాటిచ్చాడు. ఆయన కోరింది ఒక్కటే, నిప్పుల మీద లక్క గాజు చేయడం కళ్ళారా చూడాలని. అందుకే ఏటా వరండాలో ఉండే నుస్రత్ కుంపటికి ఈసారి స్టేజీ మీదికి ప్రమోషన్ వచ్చింది. సలహాదారు శ్రీహరిరావు సార్ మరీ మరీ చెప్పాడు. "ఆ ఒక్క ఐటెం పోయిందంటే గది పోయినట్టేనమ్మా. గది పోతే సప్తవర్ణ పోయినట్టే."

లాడ్ బజార్‌లో అప్పుడప్పుడే షట్టర్లు లేస్తున్నాయి. వెనక సందులో నుస్రత్ వాళ్ళ ఇల్లు. కింది గదిలో ఆమె తండ్రి అప్పటికే కుంపటి ముందు కూర్చుని లక్క సాగదీస్తున్నాడు. నుస్రత్ చాయ్ కప్పుతో మెట్లు దిగి వచ్చింది. జ్వరం లేదు, ఏడుపు లేదు, మొహం నిమ్మళంగా ఉంది. అది చూసి సాహిత్యకు ఇంకా మండింది.

"ఫోన్ ఎందుకు ఎత్తుతలేవు? నా పానం పోతుంది ఇక్కడ!"

"ఎత్తితే నువ్వు బతిమాలుతవు. నేను సరే అంట. రెండేండ్ల సంది ఇదే అయితుంది."

"అంటే? రావా ఇయ్యాల?"

"వస్త. రానని చెప్పలే. కుర్చీల కూసోనీకి వస్త."

సాహిత్యకు అర్థం కాలేదు. నుస్రత్ చాయ్ కప్పు మెట్టు మీద పెట్టింది.

"మొదటి ఏడు గాజులన్నరు, చేసిన. పోయినేడు గాజులు, మెహందీ అన్నరు. నాకు మెహందీ పెట్టుడే రాదు, యూట్యూబ్ చూసి నేర్చుకున్న. ఆటలు, పాటలు మస్తుగున్నయని అందరు చెప్తరు. నేను వరండల పొగల కూసున్న, లోపల ఏమయిందో నాకు తెల్వది. మా అబ్బా దినమంతా గా నిప్పుల ముందరే ఉంటడు. నేను బీ.కాం. చదివేదే దాంట్ల నుంచి బయటపడనీకి. మీరు తీస్కపోయి మల్ల దాని ముందరే కూసోపెడతరు."

"అది మీ కళ నుస్రత్. దాన్ని గౌరవిస్తున్నం మేము."

"మరి శ్రీహరిరావు సార్ నీ బోనం స్టేజీ మీద ఎత్తమంటె ఏమన్నవు? అది అమ్మవారి మొక్కు, షో కాదు అన్నవు. నాకు మస్తు నచ్చింది గా మాట. నీకు వద్దనే హక్కు ఉన్నది, నాకు లేదా?"

జవాబు లేనివాళ్ళకు కోపం తొందరగా వస్తుంది. "మరి గీ ముచ్చట చెప్పనీకి ఇయ్యాలే దొరికిందా? గది పోతది, తెలుసా?" అని సాహిత్య గొంతు పెంచింది.

"తెలుసు. గందుకే రాత్రంత నిద్ర పట్టలే," అంది నుస్రత్. "సామాను కావాలంటె తీస్కపో."

నుస్రత్ తండ్రి ఇంకో కుంపటి, లక్క ముద్దలు, కర్రలు సంచిలో సర్ది ఇచ్చాడు. "జర సంభాల్‌కే బేటా, బహుత్ గరం రహతా," అని వేడి సంగతి హెచ్చరించాడు. ఆయనకు ఆ ఇద్దరి లొల్లి వినబడిందో లేదో మొహంలో తెలియలేదు.

మధ్యాహ్నమంతా సాహిత్య ఆడిటోరియం చుట్టూ గిరగిరా తిరిగింది. కనబడ్డ అమ్మాయినల్లా అడిగింది. ఒకరికి డాన్సు, ఒకరికి ముగ్గు, ఒకరికి నిప్పంటే భయం. చివరికి పంచె సర్దుకుంటూ ఫణి ఉపాయం చెప్పాడు.

"ఎవరన్న నల్ల దుపట్టా కప్పుకొని కూసుంటె అయిపాయె. ఢిల్లీ సార్‌కు ఏం తెలుస్తది?"

చెంప పగలగొట్టాల్సిన మాట అది. సాహిత్య మాత్రం "దుపట్టా ఎవరి దగ్గరున్నది?" అని అడిగింది.

సాయంత్రం తెర తొలిగేసరికి స్టేజీ మధ్యలో కుంపటి, దాని ముందు నల్ల దుపట్టా తలమీంచి కప్పుకున్న సాహిత్య. రెండేళ్ళు నుస్రత్ చేస్తుంటే చూసింది కాబట్టి తనకూ వచ్చేస్తుందనుకుంది. లక్క చూసినంత సులువుగా మాట వినలేదు. వేళ్ళకు అంటుకుని చుర్రుమంది. పొగ కళ్ళలోకి పోయింది. అతిథి కెమెరా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"థోడా నీచే దేఖో బేటీ. ఆగ్ కీ తరఫ్."

సాహిత్య నిప్పుల వైపు చూసింది.

"హా, ఐసే. అబ్ థోడా ముస్కురావో."

వేలు బొబ్బెక్కుతుంటే నవ్వింది. ఇంకోసారి నవ్వమన్నాడు, నవ్వింది. గాజు పైకెత్తమన్నాడు, ఎత్తింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. నుస్రత్ రెండేళ్ళు ఇలాగే నవ్విందని ఆమెకు ఇప్పుడు తెలిసింది. తలెత్తి చూస్తే మూడో వరసలో నుస్రత్ కనబడింది. వెక్కిరించడం లేదు. దుపట్టా వైపు చూసి చూపు తిప్పేసుకుంది.

అతిథి మైకు అందుకున్నాడు. "బేటీ, నామ్ క్యా హై? ఎన్ని తరాలుగా చేస్తున్నారు మీ వాళ్ళు?" వెనక నుంచి డీన్ చిరునవ్వుతో తల ఊపాడు. పక్కనే శ్రీహరిరావు సార్ ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. చెప్పాల్సిన పేరు సాహిత్య నాలుక చివరే ఉంది. ఆ ఒక్క పేరు చెప్తే గది నిలుస్తుంది.

"సాహిత్య," అంది. "ఛత్రినాక. మాది స్టీలు సామాన్ల దుకాణం సార్. నాకు గాజులు చేయరాదు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అతిథి కెమెరా దించాడు. శ్రీహరిరావు సార్ నుదురు పట్టుకున్నాడు.

"మరి గాజులు చేసే అమ్మాయి?" అన్నాడు అతిథి.

"గా మూడో వరసల కూసున్నది సార్. ఇయ్యాల చూడనీకి వచ్చింది."

తలలన్నీ అటు తిరిగాయి. అతిథికి ప్రాణం లేచొచ్చినట్టుంది, "ఆవో బేటీ, ఆవో!" అని చెయ్యి ఊపాడు. డీన్ కూడా రమ్మని సైగ చేశాడు. హాలంతా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. నుస్రత్ కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచింది. మొహంలో పొద్దుటి నిమ్మళం లేదు, గది పోతుందన్న బాధ ఉంది. ఆమె సాహిత్య వైపే చూస్తోంది. చిన్నగా తల ఊపితే చాలు, వచ్చేస్తుంది. ఆ సంగతి సాహిత్యకు బాగా తెలుసు. రెండేళ్ళుగా అలా తల ఊపే పిలుచుకుంది.

సాహిత్య తల మీది దుపట్టా తీసి పక్కన పెట్టింది. బొబ్బెక్కిన చెయ్యి ఎత్తి, కూసో అని సైగ చేసింది.

నుస్రత్ కూర్చుంది.