పది మిల్లీమీటర్లు

కుట్టుమిషను ముందు ఇరవై ఏళ్ళు కూర్చున్న మనిషి అక్క. ఆమె కొలత తీసుకుంటే నూలుపోగంత తేడా కూడా రాదని వీధి వీధంతా చెబుతుంది. అలాంటి మనిషికి ఇప్పుడు పొద్దున లేవగానే తమ్ముడి పిక్క మీది గడ్డను కొలవడమే మొదటి పని.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రెండేళ్ళ కిందట అరికాలిలో నల్లమచ్చ కనిపిస్తే బూటు కరిచిందనుకున్నాడు. చర్మానికొచ్చే క్యాన్సర్లలో అది మహా మొండిదని తర్వాత తెలిసింది. మొదటి మందు ఆరు నెలలు పనిచేసి చేతులెత్తేసింది. రెండోది ఆ మాత్రం కూడా చెయ్యలేదు. ఇక మిగిలింది ఇంకా పరీక్షల్లో ఉన్న కొత్త మందు ఒక్కటే. అందులో చేరడానికి ఒక షరతుంది. ఒక్క గడ్డయినా పది మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే మందు పనిచేసిందో లేదో కొలిచి చెప్పలేరట. ఊపిరితిత్తులకు పాకినవి ఆవగింజలంత, లెక్కలోకి రావు. పిక్క మీదిది ఎనిమిది.

"మూడు వారాలాగి మళ్ళీ స్కాన్ చేస్తాం. పదికి చేరితే తీసుకుంటాం. ఆ తర్వాత మాత్రం కొత్తవాళ్ళని చేర్చుకోరమ్మా" అంది ఆ మందు పరీక్షలు చూసే నర్సు.

రోగం పెరిగితేనే మందు ఇస్తారన్నమాట. ఇదెక్కడి న్యాయమని ఎవరినడుగుతాం? అక్క అడగలేదు. ఏడవనూ లేదు. రెండో మందు పోయిన రోజే ఆమె లోపల మొద్దుబారిపోయింది. మిషను తొక్కేది, అన్నం వండేది, ఎవరైనా పలకరిస్తే పలికేది. ఆమె ప్రాణమంతా ఆ పది అంకె మీదే.

"ఎంతక్కా?" అనేవాడు తమ్ముడు, ప్యాంటు మోకాలిదాకా మడిచి.

"ఎనిమిదేరా."

"సరేలే."

రోజూ అదే మాట. అక్క గడ్డ మీద విసుక్కునేది. "అక్కర్లేనప్పుడు పిలవని పేరంటానికి వచ్చినట్టొచ్చావు. ఇప్పుడు రమ్మంటుంటే బెట్టు చేస్తున్నావా?"

"అంతలా తిట్టకక్కా, అలుగుతుంది" అని నవ్వి, కంచంలో మెతుకు మిగల్చకుండా తిని పనికి పోయేవాడు. నా కోసం పాపం ధైర్యం నటిస్తున్నాడనుకునేది ఆమె.

మూడు వారాలయ్యాయి. గడువు రోజు పొద్దున కూడా టేపు ఎనిమిదే అంది. పోయింది, చోటు పోయిందనుకుంటూ ఆసుపత్రికి బయల్దేరింది.

స్కాన్ చూసిన డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టాడు. "పైకి ఎనిమిదే ఉంది. కానీ చర్మం కింద పాకింది. మొత్తం పన్నెండు. కొత్త మందు ట్రయల్లో మీకు చోటు దొరికినట్టే."

"హమ్మయ్య!" అక్క రెండు చేతులూ చరిచింది. "ఒరేయ్, పన్నెండటరా!"

తమ్ముడు మడిచిన ప్యాంటు మెల్లగా కిందికి దించుకున్నాడు.

"రోజూ ఎనిమిదే అన్నావు కదక్కా" అన్నాడు. "దానంతటదే ఆగిపోయిందనుకున్నా. నువ్వు ఎనిమిదన్న పూటల్లా ఎంత హాయిగా పనికెళ్ళేవాణ్ణో నీకేం తెలుసు?"

అక్క చేతులు ఒడిలోకి జారిపోయాయి. ఆమెకు సిగ్గేసింది. తను కోరుకున్నదీ వాడి ప్రాణమే. అయినా సిగ్గేసింది.

నర్సు కాగితాలు తెచ్చింది. ఆమె చూపించిన చోటల్లా తమ్ముడు సంతకం పెట్టాడు. పక్కన బంధువు సంతకం అక్క పెట్టింది.

"ఎనిమిది వారాలకి మళ్ళీ స్కాన్ సార్. అప్పటికి పెరగకుండా ఉండాలి. పెరిగితే ఈ మందూ ఆపేస్తాం" అంది నర్సు.

తమ్ముడు తలూపాడు. ఇద్దరూ బయట వరండాలోకి వచ్చారు.

"అక్కా, ఇంట్లో ఇంక కొలవద్దు."

"కొలవనురా" అంది అక్క.