గేటుకి కట్టిన తాడు

నన్ను ఈ గేటుకి బిగించినవాళ్లారా, దోషులు మీరే. పిల్లల్ని తాడుకి కట్టడం తప్పన్నారు. అదే తాడుతో బడినే కట్టేశారు!

నేను ఒక అడ్డనార తాడుని. పాడేరు కొండల్లో పుట్టాను. రెండో తరగతి బుద్రి వాళ్ల తాత అడ్డతీగ బెరడు వలిచి, నానబెట్టి, తొడమీద పేని నన్ను సుభద్ర టీచరు చేతిలో పెట్టాడు. ఆవిడ పిల్లకొక ముడి వేసింది. తలో ముడి పట్టుకుని చిన్నపిల్లలంతా బడి వెనక అడవిలోకి నడిచేవారు. ఎవరు ఆగినా అందరూ ఆగాలి. అదొక్కటే రూలు.

గదిలో బుద్రి నోరు విప్పేది కాదు. ఇంట్లో కువి మాట, పుస్తకంలో తెలుగు. అడవిలోనే మొదటిసారి నన్ను లాగిపట్టి తెలుగులో అరిచింది.

"టీచరమ్మా, ఆగండి! సీమలు గుడ్లు మోసుకెల్తన్నాయి!"

"అయితే వానొత్తాదేటే?"

"వత్తాది. ముందు ఈ జగ్గడిని ఆటిమీద కాలెయ్యొద్దనండి!"

జగ్గడు ఎగిరి గంతేశాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ ఊగిపోయాను.

ఓరోజు తనిఖీకి ఒక సారొచ్చాడు. జీపు దిగుతూనే కేక.

"ఏమ్మా, వీళ్లు పిల్లలా, గొర్రెలా? తాడుకి కట్టావేంటి?"

"కట్టలేదు సార్. వాళ్లే పట్టుకున్నారు. వదలమంటే వదిలేస్తారు."

"పాము కరిస్తే జవాబు నువ్వు చెప్తావా?"

ఆ పూటే నన్ను వెనక గేటుకి చుట్టి బిగించారు. సాయంత్రం ఇదే పిల్లలు ముందు గేటులోంచి అదే అడవి దారిన ఇళ్లకి పోతారు. అప్పుడు పాములు సెలవు పెడతాయా సారూ? లోపల గోడకి అడవి బొమ్మ తగిలించారు. అందులో ఒక్క చీమా కదలదు.

తుప్పు పట్టిన ఇనుము నన్ను కొరుకుతోంది. కదల్లేను. బుద్రి మళ్లీ మూగదైంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి, తన ముడి వెతుక్కుని పట్టుకుని నిలబడుతుంది. ఇవాళ పళ్లతో లాగింది. ముడి ఊడి రాలేదు. "రేపట్నుంచి నేను బడికి రాను" అంది నాతో, తన కువిలోనే.

అమ్మల్లారా, అయ్యల్లారా, ఎవరో వచ్చి చేస్తారని కూర్చోకండి. రేపు గంట కొట్టేసరికి రండి. భయపడి కూర్చున్న ఆ టీచరమ్మనీ లేపి తీసుకురండి. నన్ను విప్పండి. కత్తి మాత్రం తేవద్దు. గోళ్లు విరిగినా సరే, చేత్తో విప్పండి. కోస్తే ఒక ముడి పోతుంది. ఒక పిల్ల గేటు లోపలే ఉండిపోతుంది.