పైన అంతా ఓకే

ఆసుపత్రి కాగితాన్ని సూపర్‌వైజర్ పదిమంది ముందు పైకెత్తి చదివాడు. అది తెచ్చిచ్చిన అతనికి అక్కడే అరికాలి మంట నెత్తికెక్కింది.

అతను క్రేన్ ఆపరేటర్. కడుతున్న భవనం పక్కన ఇరవై అంతస్తుల ఎత్తు ఇనుప స్తంభం, దాని నెత్తిన అగ్గిపెట్టెంత క్యాబిన్, అందులో అతను. ముప్పయ్యేళ్లుగా అదే పని. కింద పనివాళ్లు అతన్ని ‘పైవాడు’ అంటారు. కాంక్రీటు తొట్టి రావడం ఆలస్యమైతే, అంతా పైవాడి దయ అని నవ్వుకుంటారు.

ఈ మధ్య ఆ దయ మరీ ఆలస్యమవుతోంది. రెండేళ్లుగా ఒంటికి వెళ్లడమంటే అతనికి ప్రాణసంకటం. వచ్చినప్పుడు క్షణం ఆగదు, తీరా నిలబడితే రాదు. క్యాబిన్ మూలనున్న డబ్బా ముందు పళ్లబిగువున ఐదు నిమిషాలు బతిమాలుకుంటే నాలుగు చుక్కలు. ఈలోగా వాకీటాకీలో ఒకటే గోల, కాంక్రీటు గట్టిపడిపోతోంది, పైవాడు నిద్రపోయాడా ఏంటని. పని మధ్యలో ఇంకొక్కసారి ఆపితే క్రేన్ మీంచి దింపేసి గేటు దగ్గర కాపలా కూర్చోబెడతానని సూపర్‌వైజర్ తేల్చి చెప్పేశాడు. నిజంగా రోగమే అయితే ఆసుపత్రి నుంచి కాగితం తెమ్మన్నాడు.

తెచ్చాడు. అందులో ఏముంది? ప్రోస్టేట్ గ్రంథి కాస్త పెరిగిందట. లక్షణాలకు వేసిన మార్కులు ముప్పయ్యైదుకి నాలుగట. మందులు అక్కర్లేదట, ఏడాది పోయాక రమ్మన్నారట.

“ఆసుపత్రివాళ్లే నీకేం లేదంటున్నారు కదా పెద్దాయనా. ఇక దీన్ని రోగం అనరు, బద్ధకం అంటారు. సోమవారం నుంచి గేటు దగ్గరికి రా.”

తల తీసేసినట్టయింది. ముప్పయ్యేళ్లలో ఒక్క తొట్టి జారవిడవనివాడు, ఒక్క ఇనుప చువ్వ ఎవరి మీదా పడనివ్వనివాడు, బద్ధకస్తుడట!

ఇల్లు చేరేదాకా డాక్టర్ని తిడుతూనే ఉన్నాడు. చేరాక కూడా ఆపలేదు. వాడికి చదువెవడు చెప్పాడన్నాడు, డిగ్రీ సంతలో కొన్నాడేమో అన్నాడు. భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ అంతా వింది. చివరికి మిషన్ ఆపి, ఆ కాగితాలేవో ఇలా ఇవ్వమంది.

రెండోది ఆసుపత్రిలో అతనితో నింపించిన కాగితం, దాని మీద ఏడు ప్రశ్నలున్నాయి. గత నెల రోజుల్లో, ఒంటికి వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు ఎన్నిసార్లు అనిపించింది? ఆపుకోవడం ఎన్నిసార్లు కష్టమైంది? ఎన్నిసార్లు ముక్కాల్సి వచ్చింది? దాదాపు ప్రతిదానికీ ‘లేదు’ దగ్గరే టిక్కు. రాత్రి ఎన్నిసార్లు లేచారన్న చోట ‘ఒకసారి’. అన్నిటికన్నా కింద విడిగా మరో ప్రశ్న: మిగిలిన జీవితమంతా ఇలాగే గడపాల్సి వస్తే మీకెలా ఉంటుంది? దానికి టిక్కు, ‘బాగానే ఉంటుంది’.

“ఈ టిక్కులు పెట్టిందెవరు?”

“నేనే.”

“రాత్రి ఒకసారా? నిన్న ఐదుసార్లు లేచారు. మీతోపాటు నాకూ మెలకువ వస్తుంది, నాకు తెలీదా? పొద్దున నేను నింపి పంపే నీళ్లసీసా సాయంత్రానికి నిండుగానే ఎందుకు తిరిగొస్తోందో రాశారా ఇందులో?”

“నీళ్లు తాగితే వస్తుందని తాగను. అది వాళ్లు అడగలేదు.”

“అడిగినవాటికి మాత్రం నిజం చెప్పారా? ఆ డాక్టరు మీ మాట నమ్మాడు. ఆయన చేసిన తప్పల్లా అదే.”

అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయాడు.

నిజానికి ఆ రోజు అంత ఆలోచించి రాయలేదతను. క్రేన్ మీద ఉన్నవాడికి ప్రతి బరువు ఎత్తేముందూ కిందినుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: పైన అంతా ఓకేనా? దానికి ఒకటే జవాబు: ఓకే. ఇంకో మాటంటే పని ఆగిపోతుంది, నలభైమంది చేతులు ముడుచుకు కూర్చుంటారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నప్పుడూ ఓకే అన్నాడు. తండ్రి పోయాడని కబురొచ్చినరోజు కూడా చేతిలో ఉన్న బరువు దించేదాకా ఓకే అంటూనే ఉన్నాడు. ఆసుపత్రిలో ఆ కాగితం చేతికొచ్చేసరికి వేళ్లు వాటంతటవే అలవాటైన జవాబు రాసేశాయి. ఆ సంగతి తెలిశాక కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మరింత ఉడికిపోయాడు.

మర్నాడు భార్యను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాడు. కొత్త కాగితం అడిగి తీసుకుని, బెంచీ మీద కూర్చోకుండా మెట్ల దగ్గర కిటికీ గట్టు మీద పెట్టుకుని రాశాడు. ఆమె పక్కనే నిలబడింది, ఒక్క మాటా అందించలేదు. మార్కులు ఇరవై ఏడొచ్చాయి. ఆఖరి ప్రశ్న దగ్గర ‘భరించలేను’ అన్నదానికి టిక్కు పెడుతుంటే కాగితం చిరిగింది.

డాక్టరు కుర్రవాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చిరాకుపడ్డాడు. వారంలో నాలుగు కాస్తా ఇరవై ఏడెలా అయిందన్నాడు. ఉద్యోగం కోసం కాగితం కావాలా అని కూడా అనేశాడు.

“మొదటిది అబద్ధం. నేనే రాశాను, ఒప్పుకుంటున్నా,” అన్నాడతను. “కానీ ముప్పైమంది మగాళ్లని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కవాడు తొంగిచూస్తుంటే రాయమన్నారు. అలా రాస్తే ఎవడు నిజం రాస్తాడు? మీరు గ్రంథిని కొలిచారు, మార్కులు కూడారు. ఒక్కసారి తలెత్తి నా మొహం చూశారా? రోజుకి ఎన్ని నీళ్లు తాగుతున్నావని అడిగారా?”

డాక్టరు కాగితాలు పక్కకి జరిపాడు. తర్వాత తలెత్తి అడిగాడు, ఎన్ని తాగుతారని.

“క్రేన్ మీదున్నంతసేపూ ఒక్క గుక్క కూడా తాగను.”

కలం కింద పెట్టి డాక్టరు మళ్లీ మొదటినుంచీ అడగడం మొదలుపెట్టాడు. ధార ఎంత వేగంగా వస్తుందో చూసే పరికరంలో పోయించారు. అయ్యాక పొత్తికడుపు స్కాన్ తీస్తే, లోపల ఇంకా ఓ గ్లాసుడు మిగిలే ఉంది. మాత్రలు రాసిచ్చి, నెల తర్వాత ఇదే కాగితం మళ్లీ నింపాలన్నాడు. మాత్రలు చాలా, ఆపరేషన్ దాకా వెళ్లాలా అన్నది అప్పుడు తేలుతుందట. గ్రంథి సైజు చూసి బాధ ఎంతో చెప్పలేమని, అది మీరే చెప్పాలని అన్నాడు. నీళ్లు మానొద్దనీ, పనిలో మధ్యమధ్య విరామం ఇవ్వాలనీ ఉత్తరం రాసిచ్చాడు. క్షమించమని మాత్రం అనలేదు. మొదటి కాగితాన్ని అడ్డంగా కొట్టేశాడంతే.

సోమవారం సూపర్‌వైజర్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, ఈ ఒక్క వారం చూస్తానన్నాడు. అతను నిచ్చెన ఎక్కాడు. పది గంటలకల్లా సీసాలో సగం నీళ్లు తాగేశాడు. కింద తొట్టి నిండింది. కొక్కెం తగిలించబోతున్నారు.

“పైన అంతా ఓకేనా?”

బొటనవేలు వాకీటాకీ మీట మీదికి వెళ్లింది. నోరు దానంతటదే ఓకే అనబోయింది.

“ఓకే కాదు,” అన్నాడు. “ఒంటికి వెళ్లాలి. పది నిమిషాలు కొక్కెం ఎవరూ ముట్టుకోవద్దు.”

నలభైమందీ విన్నారు. ఎవడో కిసుక్కున నవ్వాడు. కాసేపయ్యాక సూపర్‌వైజర్ గొంతు వినిపించింది, సరే, ఆగుతాం అని.

అద్దంలోంచి కిందికి చూశాడతను. తొట్టి నేల మీదే ఉంది. పనివాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడి ఉన్నారు, ఇద్దరు నీడకి వెళ్లి కూర్చున్నారు. ఏమీ కూలిపోలేదు. ముప్పయ్యేళ్లు ఓకే అన్నది దీనికా అని, అది చూసేసరికి అతనికి ఇంకా ఒళ్లు మండింది.